అలంపుర నామ విచారము

ఇటిక్యాల ప్రాంతమునుండి శివరాత్రికి అలంపుర క్షేత్రమునకు పోవు భక్తులు దారి పొడవున ఆ ఊరి పేరును పలు విధములుగ చూచుచుందురు. ఒక పలక మీద అలంపూర్ అని, వేరొక చోట ఆలంపూర్ అని, దేవాలయ గ్రంథములలో అలంపురము అని కనిపించును. వీనిలో ఏది సరియైనది, దాని అర్థమేమి అని పిల్లలు అడుగుదురు. పెద్దలలో వాదము మొదలగును. ఒకరు తమ వ్రాతయే శుద్ధమందురు. మరియొకరు ఎదుటివాని పలుకు అపభ్రంశమందురు. ఊరి పేరుతో మొదలైన మాట, ఈ ఊరు ఎవరిది అను మాటగా మారుటయు కలదు. కావున ఈ విచారము అక్షరములకు సంబంధించినది మాత్రమే గాక, ధర్మమునకు సంబంధించినది కూడ.

మొదట శాసనముల మాట. ఈ ఊరికి హతంపురము, హలంపురము, అలంపురము అను రూపములు కలవు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలపు 1101 నాటి శాసనమున హతంపురమను పేరు వచ్చినది. పద మొదటి హకారము జారిపోవుట తెలుగు జానపదుల నోట నేటికిని వినబడునదే. హనుమంతుని అనుమంతుడని పిలుచువారు పల్లెపల్లెను కలరు. హలంపురము అలంపురమగుటలో వింత లేదు.

ఇక అర్థము. సంస్కృతమున హలమనగా నాగలి. హతమనగా కొట్టబడినది, చంపబడినది. అలమ్ అనగా చాలునని అర్థము. ఉర్దూలో ఆలం అనగా లోకము. ఒక్క ఊరి పేరునుండి నాలుగు కథలు అల్లవచ్చును. నాగలిని పట్టుకొన్నవాడు రైతుల ఊరనును. హతమును పట్టుకొన్నవాడు యుద్ధపు ఊరనును. ఆలమును పట్టుకొన్నవాడు పాదుషాల ఊరనును. శబ్దము దొరికినంతనే చరిత్ర దొరకదు. ధ్వని పోలికను బట్టి కథ కట్టి, ఆ కథను బట్టి పొరుగువానిని వేరుచేయుట వివేకుల లక్షణము కాదు.

పేరు చివరి భాగము ఈ సీమ చరిత్రను చక్కగ చెప్పుచున్నది. తెలుగువారు పురము అందురు, కన్నడిగులు పుర అందురు, ఉర్దూ కచేరీ వ్రాతలలో అది పూర్ అయినది. అలంపురము, గద్వాల తాలూకాలు హైదరాబాదు సంస్థాన కాలమున రాయచూరు జిల్లాలోనివి. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థతో మహబూబునగరు జిల్లాలో చేరినవి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినది. మూడు భాషల నాలుకల మీద నడచిన పేరునకు మూడు ముగింపులు కలుగుట సహజము. అవి మూడును ఒకే ఊరికి దారి చూపుచున్నవి.

జిల్లాకు పేరైన అమ్మవారి నామమునే తీసికొందము. యోగి శబ్దము లోకమున జోగి అయినట్లే, యోగుల అంబ జోగులాంబ అయినదని పెద్దలు చెప్పుదురు. ఆ తల్లిని యోగాంబ యని పిలిచినను, జోగులమ్మ యని పిలిచినను పలుకును. తద్భవమైనందున ఆమె మహిమ తగ్గినదని ఏ భక్తుడును అనడు.

వీరశైవులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము వేరొకటి కలదు. బసవ నామమే తద్భవము. సంస్కృతమున వృషభము, ప్రాకృతమున వసహ, ప్రజల వాడుకలో బసవ. పదుమూడవ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు సంస్కృతము బాగుగ నెరిగినవాడు. ఆయన శతకమునకు వృషాధిప శతకమని పేరిడెను. ద్విపదలో రచించిన పురాణమునకు బసవ పురాణమని పేరిడెను. ఒకే కవి, ఒకే స్వామి, రెండు రూపముల పేరు. ఒకటి పండితుల పీఠము మీదిది, రెండవది పామరుల నాలుక మీదిది. రెంటిని ఆ మహాకవి సమానముగ గౌరవించెను. పలుకు మారిన ప్రతి పేరును చెడిన పేరని త్రోసివేయువాడు మొదట బసవ నామమునే త్రోసివేయవలసి వచ్చును.

పేరును పైపైన చూచిన మోసపోవుదుమనుటకు అలంపురములోనే సాక్ష్యము కలదు. అచటి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలపు కట్టడములు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, విశ్వ, కుమార, అర్క, వీర బ్రహ్మలని వాని పేర్లు. కొత్తవాడు విని చతుర్ముఖుని గుడులనుకొనును. లోపలికి పోయి చూచినవాడు అవి శివాలయములని తెలిసికొనును. గడప బయట నిలిచి పేరును తర్కించువానికిని, గడప దాటి దర్శించువానికిని ఉన్న భేదమిదియే.

అలంపుర సమీపమున తుంగభద్ర కృష్ణలో కలియుచోట కూడవెల్లి యుండెను. కూడుట యనగా కలియుట, వెల్లి యనగా ప్రవాహము. రెండు నదుల కలయికను ఆ పేరు చెప్పక చెప్పుచున్నది. బసవేశ్వరుని ఆరాధ్యదైవము కొలువున్న కూడలసంగమమునను ఇదే కూడుట వినబడును. అచట కృష్ణలో మలప్రభ కలియును. శ్రీశైల జలాశయము వచ్చినప్పుడు కూడవెల్లి మునిగినది. సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి తెచ్చి అలంపురమున మరల నిలిపిరి. కూడలసంగమమున నారాయణపురపు ఆనకట్ట నీరు చుట్టుముట్టగా బసవేశ్వరుని ఐక్యస్థలమును గోడ కట్టి కాపాడిరి. కదలదనుకొన్న గుడి కదలినది. ఊరు నీటి అడుగుకు చేరినది. పేరు మాత్రము భక్తుల నోట మిగిలినది. స్థావరముకంటె జంగమమునకు బసవేశ్వరుడు పెద్దపీట వేయుటలోని అంతరార్థము ఈ తీరవాసులకు కన్నులార కనబడినది.

మరి పేరునకు నిజమైన అర్థమిచ్చునది ఏది? బసవయుగపు శరణుల నామములే సమాధానము. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను, మేదర కేతయ్య బుట్టలల్లెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. లోకము తక్కువగ చూచిన వృత్తులే వారి పేర్లకు ముందు నిలిచినవి. ఆ పేర్లను దాచుకొనక, మార్చుకొనక, కాయకముతో వానిని పూజ్యములు చేసిరి. నేడు మాచయ్య పేరు పలుకునప్పుడు చేతులు జోడింపబడుచున్నవి. ఆ గౌరవము నిఘంటువునుండి వచ్చినది కాదు.

హతంపురమని శాసనము చెక్కించిన విక్రమాదిత్యుని రాజధాని కల్యాణము. కల్యాణమనగా శుభము. చక్రవర్తులు పెట్టుకొన్న ఆ పేరు పన్నెండవ శతాబ్దిలో, బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున నున్న దినములలో, శరణులు కులభేదము మరచి ఒకచోట కూర్చుండి శివానుభవమును చర్చించిననాడు సార్థకమైనది. ఆ నగరము తరువాత కల్యాణిగ పలుకబడెను, నేడు బసవకల్యాణమైనది. కట్టినవారి పేరు వెనుకబడి, సేవించినవాని పేరు ముందు చేరినది.

అలంపురపు రాళ్ళును ఈ సత్యమునే చాటుచున్నవి. విజయాదిత్యుని కాలమున, 713 ప్రాంతమున, ఈశానాచార్యుడు అచట ప్రాకారము కట్టించినట్లు శాసనము కలదు. పదమూడు వందల ఏండ్ల తరువాతను ఆయన పేరు చదువబడుచున్నదనిన, అది ఆయన చేసిన పని వలననే.

కావున పిల్లలు అడిగినప్పుడు పెద్దలు వారికి శాసనరూపములను చెప్పవలెను, పలుకు మారిన తీరును వివరింపవలెను. అలంపూర్ అనువానిని గద్దింపరాదు, హలంపురమనువానిని నవ్వరాదు. చరిత్ర తెలిసికొనుట జ్ఞానము. తెలిసినదానితో తోటివానిని తక్కువ చేయుట అజ్ఞానము. ఊరి పేరును శుద్ధముగ వ్రాయుటకంటె, ఆ ఊరికి వచ్చిన అతిథికి దాసోహము చేయుట శుద్ధతరము. శరణ సంతతివారమని చెప్పుకొను ప్రతి కుటుంబమునకు తన ఇంటిపేరు విషయమునను ఈ మాటయే వర్తించును. తాతలు పెట్టిన పేరునకు అర్థము పలకవలసినది మనుమల నడవడియే.

ఓం నమః శివాయ.