ఆ ఒక్క గడిలో ఏం రాయాలి?



ఈ వారం వీడియోలో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం, అననీయ సప్పీరాల సంగతి ధ్యానించుకున్నాం. మన వీడియోలు ఎడిటింగ్ చేసేది నేనే కాబట్టి ఆ భాగం ఒక పదిసార్లు విని ఉంటాను. విన్న ప్రతిసారీ నాకు ఒక ఫారం గుర్తొచ్చింది. వీడియోలో చెప్పడానికి టైం లేదు, నిజం చెప్పాలంటే ధైర్యం కూడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఉన్న కుటుంబం రాయమని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

నేను ఉద్యోగం చేసేది డాలస్ దగ్గర. మా తెలుగు సంఘంలో ఒక అంకుల్ ఉన్నారు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ చదివి, చాలా ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చారు. గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో మేనేజరు. ఆంటీ డే కేర్‌లో పిల్లల్ని చూసుకుంటారు. వాళ్ల పెద్దమ్మాయికి ఒక క్రిస్టియన్ కాలేజీలో నర్సింగ్ సీటొచ్చింది. ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 45 వేల డాలర్లు. మార్కులు బాగున్నాయని కాలేజీ వాళ్లే 18 వేలు తగ్గించారు. సంఘం వెయ్యి డాలర్లు ఇస్తే తామూ ఇంకో వెయ్యి కలుపుతామన్నారు. ఇక్కడ చాలా క్రైస్తవ కాలేజీల్లో ఈ పద్ధతి ఉంది. మిగతాదానికి ప్రభుత్వ సాయం కావాలి. దానికి ఫాఫ్సా అనే ఫారం నింపాలి.

2024 డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు. "బాబూ, నువ్వు కంప్యూటర్ మనిషివి, ఒకసారి వచ్చి ఆ ఫారం నింపి పెట్టు. ఆంటీ బిర్యానీ చేస్తోంది," అన్నారు. వెళ్లాను.

తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. ఈ ఫారం నింపడానికి డబ్బు కట్టనక్కర్లేదు. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు లాంటివారికే ఈ సాయం. ఎఫ్-1 వీసా మీద వచ్చిన మన పిల్లలకు ఇది వర్తించదు. తల్లిదండ్రుల ఆదాయం పన్నుల శాఖ నుంచి నేరుగా ఫారంలోకి వచ్చేస్తుంది, దాన్ని మార్చేదేమీ ఉండదు. దాన్నిబట్టి, ఆస్తుల్నిబట్టి ఆ కుటుంబం ఎంత భరించగలదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎంత తక్కువైతే పెల్ గ్రాంటు అంత ఎక్కువ. ఆ సంవత్సరానికి పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు.

అంతా సాఫీగా నడిచింది, ఒక్క గడి దగ్గర ఆగిపోయాం. ఉంటున్న ఇల్లు కాకుండా వేరే స్థిరాస్తులు, పెట్టుబడులు ఉంటే వాటి విలువ వేయమంది.

అంకుల్‌కి గుంటూరు అవతల 400 గజాల స్థలం ఉంది. ఇప్పుడు 50 లక్షలు పలుకుతుందట. అంటే 59 వేల డాలర్ల దాకా.

"సున్నా వేసెయ్ బాబూ," అన్నారు.

నేను కీబోర్డు మీద చెయ్యి తీసేశాను. ఆయనకి నా మౌనం అర్థమైంది. చెప్పడం మొదలుపెట్టారు. అది వాళ్ల అమ్మగారు పొదుపు చేసిన డబ్బుతో కొన్న స్థలం. అమ్మే ఉద్దేశం లేదు. చేతిలో రూపాయి లేనప్పుడు అది ఆస్తి ఎలా అవుతుంది? తర్వాత ఇంకో మాట అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. "ఇక్కడ మిలియన్ డాలర్ల ఇంట్లో ఉన్నవాడు ఆ ఇంటి విలువ ఇందులో వేయక్కర్లేదు. రిటైర్మెంట్ ఖాతాలో లక్షలు దాచుకున్నవాడు అదీ వేయక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే నేను మాత్రం మా అమ్మ స్థలం లెక్క చెప్పాలా? ఇదేం న్యాయం?"

ఆయన చెప్పింది నిజమే. ఫాఫ్సాలో సొంతిల్లు, రిటైర్మెంట్ పొదుపు లెక్కలోకి రావు. ఊళ్లో ఖాళీ స్థలం వస్తుంది. మనలాంటి వలస కుటుంబాల పొదుపు ఎక్కువగా స్వదేశంలో భూమి రూపంలోనే ఉంటుందని ఆ ఫారం తయారుచేసినవాళ్లు ఆలోచించి ఉండరు.

అబద్ధం రాస్తే 20 వేల డాలర్ల దాకా జరిమానా, జైలు అని ఫారంలోనే ఉంది. కానీ ఆ భయం చూపించడం నాకు ఇష్టం లేకపోయింది. పట్టుకోరు కాబట్టి సున్నా వేయడమూ, పట్టుకుంటారు కాబట్టి నిజం వేయడమూ నా దృష్టిలో ఒకటే. రెండింట్లోనూ మనం చూసేది పట్టుకునేవాడి వైపే. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు తెలుసు, ఆ గడిలో ఏ అంకె వేసినా ఫారం ఎర్రగీత చూపించదు. గుంటూరు రిజిస్ట్రార్ ఆఫీసుకీ ఆ వెబ్‌సైటుకీ ఏ సంబంధమూ లేదు. అక్కడ ఉన్నది మనం, మన మాట, దేవుడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయనకు నీతి చెప్పే అర్హత నాకు లేదు.

2014లో నేను ఇంజనీరింగ్‌లో చేరాను. ఫీజు రీయింబర్స్‌మెంటు రావాలంటే అప్పట్లో మా కేటగిరీకి కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష దాటకూడదు. నాన్నకి ఎరువుల కొట్టు ఉంది. ఖర్చులు పోను నెలకు పాతిక వేలు మిగిలేవి. నా ఆదాయ ధృవీకరణ పత్రంలో ఏడాదికి 72 వేలు అని ఉంది. నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. "అందరూ ఇంతే రాయిస్తారు" అన్నారు. ఏడాదికి 35 వేల చొప్పున నాలుగేళ్లు, 1,40,000 రూపాయలు. ఆ డబ్బుతో చదివి, ఆ డిగ్రీతో ఇక్కడికి వచ్చి, ఇప్పుడు అంకుల్ ఇంట్లో కూర్చుని ఆయన ఫారం నింపుతున్నాను.

ఇక్కడే అననీయ సంగతి. చాలామంది అనుకుంటారు, పొలం అమ్మిన డబ్బు మొత్తం ఇవ్వలేదని అననీయకు శిక్ష పడిందని. పేతురు అలా అనలేదు. పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. కొంత ఉంచుకోవడం తప్పు కాదు. ఉంచుకుని ఇదే మొత్తం అని చూపించడం తప్పు. దానికి ముందు అధ్యాయంలోనే ఉంది, సంఘంలో ఎవరికి ఎంత అక్కర ఉంటే అంత పంచేవారని. తర్వాతి అధ్యాయంలో విధవరాళ్లకు రోజూ పంచే సహాయంలో కొందరిని చిన్నచూపు చూశారని గొడవ వచ్చింది. ఈ రెండింటి మధ్య అననీయ కథ ఉంది. పంచే చోట లెక్క అబద్ధమైతే చివరికి దెబ్బ తగిలేది అందరికంటే అక్కరలో ఉన్నవాడికే. అననీయ ఇచ్చేవైపు నిలబడి అబద్ధమాడాడు. నేను తీసుకునేవైపు నిలబడి ఆడాను. అంతే తేడా.

"దీనివల్ల ఎవరికి నష్టం, గవర్నమెంటు డబ్బే కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. పెల్ గ్రాంటు అర్హత ఉన్న అందరికీ వస్తుంది, ఇంకొకరి చేతిలోంచి లాక్కున్నట్టు కాదు, ఒప్పుకుంటాను. కానీ అదే ఫారం చూసి కాలేజీ తన సొంత సాయం, వర్క్ స్టడీ పనులు పంచుతుంది. అవి ఒక్కో కాలేజీకి ఇంత అని ఉంటాయి. కెంటకీలో బెరియా కాలేజీ ఉంది. బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ ఫీ అనే సేవకుడు 1855లో మొదలుపెట్టాడు. 1892 నుంచి అక్కడ విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ప్రతి విద్యార్థీ కాలేజీలో ఏదో ఒక పని చేయాలి. ముఖ్యంగా పేద కుటుంబాల పిల్లల కోసమే సీట్లు. అలాంటి చోట ఒకడు ఆస్తి దాచి చేరితే, ఇంటికి తిరిగి వెళ్లే పిల్లవాడు ఎవరు? వాడి పేరు మనకు ఎప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టే నష్టం లేదనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా అసలు సాయమే తీసుకోకూడదు అనే భక్తి కూడా ఉంది. గ్రోవ్ సిటీ కాలేజీ అనే క్రైస్తవ కాలేజీ ప్రభుత్వ షరతులు ఒప్పుకోనని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విద్యార్థి గ్రాంటు తీసుకున్నా కాలేజీ తీసుకున్నట్టేనని 1984లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత వాళ్లు తమ విద్యార్థులకు వచ్చే కేంద్ర సాయం కూడా వద్దనుకున్నారు. వాళ్ల మనస్సాక్షి వాళ్లది. కానీ తీసుకోవడమే అవమానం అని వాక్యం చెప్పదు. పౌలు కొరింథులో తనకు హక్కున్నా సంఘం దగ్గర తీసుకోలేదు, డేరాలు కుట్టుకుని బ్రతికాడు. అదే పౌలు ఫిలిప్పీవారు పంపినది సంతోషంగా తీసుకుని కృతజ్ఞతలు రాశాడు. అంకుల్ చదివిన ఏసీ కాలేజీ సంగతే చూడండి. 1885లో అమెరికా లూథరన్ మిషనరీలు మొదలుపెట్టినది. ఎవరో ముఖం తెలియనివారి కానుకలు దాని పునాదిలో ఉన్నాయి. మనమందరం ఎక్కడో ఒకచోట ఎవరో ఇచ్చినదానితో చదువుకున్నవాళ్లమే. తీసుకోవడంలో సిగ్గు లేదు. అడిగేటప్పుడు నిజంగా ఉన్న మనిషిగా అడగాలి.

ఆ రాత్రి ఇదంతా నేను ఇంత చక్కగా చెప్పలేదు. నా ఆదాయ పత్రం సంగతి మాత్రం చెప్పాను. అంకుల్ ఏమీ అనలేదు. అప్పటిదాకా పక్కన ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి తలెత్తి అడిగింది. "అన్నయ్యా, నా భాగంలో నేను కూడా సంతకం పెట్టాలి కదా?"

పెట్టాలి. ఆ ఫారంలో తండ్రి భాగానికి తండ్రి, పిల్లల భాగానికి పిల్లలు సంతకం చేయాలి. ఆ అమ్మాయికి పదిహేడేళ్లు. బహుశా తన జీవితంలో అదే మొదటి పెద్ద సంతకం.

అంకుల్ చాలాసేపు స్క్రీన్ వైపు చూశారు. తర్వాత ఆయనే కీబోర్డు తన వైపు లాక్కుని 59000 అని కొట్టారు.

వాళ్లకు దానివల్ల నష్టం జరిగింది, దాచను. తల్లిదండ్రుల ఆస్తిలో 12 శాతాన్ని ఆ లెక్కలోకి తీసుకుంటారు. అలా చూస్తే గ్రాంటు దాదాపు 1,600 డాలర్లు తగ్గింది. నిజం చెప్పారు కాబట్టి దేవుడు రెట్టింపు ఇచ్చాడని సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కానీ ఒకటి జరిగింది. అంతకుముందు ఏడాది ఆంటీకి ఆపరేషన్ అయింది. ఇన్సూరెన్సు పోను ఇంకా చాలా కట్టారు. ఆ ఖర్చు గురించి ఫారం ఎక్కడా అడగలేదు. ఇలాంటి ప్రత్యేక పరిస్థితి ఉంటే బిల్లులు జతచేసి కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయాన్ని మళ్లీ చూడమని అడగవచ్చు. మార్చడమా లేదా అన్నది వాళ్ల ఇష్టం. మేము ఉత్తరం రాశాం. అందులో స్థలం సంగతి రాశాం, అది ఎందుకు అమ్మలేకపోతున్నారో రాశాం, ఆపరేషన్ బిల్లులు పెట్టాం. నిజం చెప్పడం అంటే మనకు నష్టం తెచ్చేది మాత్రమే చెప్పడం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఫారం అన్యాయంగా ఉంటే ఆ మాట వెలుగులో నిలబడి అడగవచ్చు. గడిలో సున్నా వేసేస్తే ఇక ఆ మాట అడిగే నోరు మనకు ఉండదు. కాలేజీ వాళ్లు తమ నిధి నుంచి ఏడాదికి వెయ్యి డాలర్లు ఇచ్చారు. మిగతా దానికి అమ్మాయి లైబ్రరీలో పని చేస్తోంది, అంకుల్ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకో షిఫ్టు చేస్తున్నారు.

ఇక నా సంగతి. మూడేళ్లుగా మా ఊరి సంఘంలో ఒక పాలిటెక్నిక్ కుర్రాడి ఫీజు కడుతున్నాను. పాస్టర్ గారు ఒకసారి అందరి ముందూ నా పేరు చెప్పి వందనాలు చెల్లించారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. అప్పు తీరుస్తూ కానుక అని పిలిపించుకున్నాను. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నప్పుడు దాన్ని కానుక అనలేదు.

ఆ మర్నాడు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. పాస్టర్ గారికి కూడా అసలు సంగతి చెప్తాను నాన్నా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నువ్వు చదువుకోవాలనే కదరా చేశాను," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద నాకు కోపం లేదు. ప్రేమతోనే చేశారు. కానీ ప్రేమతో చేసిన అబద్ధం కూడా ఎవరో ఒకరి వంతు తింటుంది. తర్వాత ఆయనే అన్నారు, "చెప్పరా. నా పేరు కూడా చెప్పు."

చెప్పాను. మీకూ చెప్తున్నాను.

మీ ఇంట్లో ఈ ఏడాది ఎవరైనా స్కాలర్‌షిప్పుకో, గ్రాంటుకో, ఫీజు రీయింబర్స్‌మెంటుకో ఫారం నింపుతుంటే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి. ఉన్నది ఉన్నట్టు వేయండి. లేనిదాని కోసం సిగ్గుపడకుండా అడగండి.

తండ్రీ, మా అక్కరలు నీకు తెలుసు. అడిగే ధైర్యం, నిజం రాసే ధైర్యం రెండూ మాకు దయచేయుము. మేము ఎవరి వంతు తిన్నామో వారిని నీవే ఆదుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.