రాబోవు ఆదివారము ఎక్కడ కూర్చుందుము?

ఆరాధన ముగియబోవు వేళ సంఘపెద్ద లేచి ప్రకటనలు చదువును. రాబోవు ఆదివారము వాక్యమెవరు చెప్పుదురో, ప్రభురాత్రి భోజనమెన్నడో, స్త్రీల కూడిక ఎవరి యింటనో తెలియజేయును. చివర "అందరును ఆహ్వానితులే" అని ముగించును. ఆ చివరి మాటను మనము తేలికగా విని లేచిపోదుము. నేడు దానిని గూర్చియే మీతో కొంచెము ఆలోచింపగోరుచున్నాను.

శ్రీకాకుళము జిల్లాలో ఒక పల్లె సంఘమునకు నేనొకసారి అతిథిగా వెళ్లితిని. నన్ను చూడగానే ఎవరో కుర్చీ తెచ్చి ముందు వేసిరి. కీర్తన పాడుచుండగా ఒక వృద్ధురాలు ఊడ్పుల నుండి నేరుగా వచ్చెను. చీర అంచున బురద యింకను ఆరలేదు. లోపల చాపలమీద చోటున్నను ఆమె గడపయొద్దనే కూర్చుండెను. ఆరాధన ముగిసిన పిమ్మట నేనడుగగా, "ఈడే బాగున్నాది బాబూ" అని నవ్వెను. ఆ మాటతో నా మనస్సాక్షి ఊరకుండెను. కాని యెక్కువ దినములు ఊరకుండలేదు.

"ఆమె తన యిష్టముతోనే అక్కడ కూర్చుండెను గదా" అని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. అయితే ఇష్టమనగా నేమి? రెండు చోట్లును తనవే అయినప్పుడు ఒకదానిని కోరుకొనుట ఇష్టము. ఆ కుర్చీలో కూర్చుండు వీలు ఆమెకెన్నడైన నుండెనా? గడపయొద్ద కూర్చుండవలెనను తలంపు నాకెన్నడైన కలిగెనా? తరతరములుగా నేర్పబడిన వెనుకంజకు మనము ఇష్టమని పేరుపెట్టి ఊరట పొందుచున్నాము.

"దేవుడు హృదయమును చూచును గాని ఆసనమును చూడడు" అని మరియొకరందురు. నిజమే. కాని బంగారపు ఉంగరము గలవానికి మంచి చోటును, మురికిబట్టల దరిద్రునికి కాళ్లయొద్ద చోటును చూపిన సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో గద్దించెను. ఎవరెక్కడ కూర్చుండవలెనో నిర్ణయించునది మన హృదయమే గనుక, ఆ ఆసనములను చూచి మన హృదయమును తెలిసికొనవచ్చును.

మన ప్రాంతమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్టణమునకు వచ్చిరి. తరువాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరములలో పనిచేసిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మము పొంది కులస్థానమును వదలుకొనిరి. ఆయన వ్రాసిన కీర్తనలను మనమందరము ఒక్క గొంతుతో పాడుదుము. పాటలో ఒకటైనవారము కూర్చుండుటలో వేరగుట న్యాయమా?

మనతో విశ్వాసము కలియనివారి యొద్దను నేర్చుకొనదగినది కలదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరుగారి శిష్యుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు (1862–1939) బ్రహ్మసమాజికులు. అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలను ఆయన కాకినాడలో చేరదీసి చదివించిరి. మన ఆరాధనకు రానివారు ప్రభువునకు ప్రియమైన పని చేయుచుండగా, వారము వారము వచ్చు మనము సిగ్గుపడవలదా?

తలుపు తెరచుటకు తాళపుచెవి చాలును. చోటిచ్చుటకైతే మనము కదలవలెను. ఊడ్పుల కాలమున, కోతల కాలమున కూలికి వెళ్లువారికి అనుకూలమైన వేళను సంఘము ఆలోచింపవలెను. వాక్యము చదువుటకు ఎప్పుడును అవే నాలుగు కుటుంబములను పిలువక, వెనుక కూర్చుండువారిని పేరుపెట్టి పిలువవలెను. ఇవి చిన్న పనులే. అయినను "అందరును" అనుమాట వీటివలననే నిజమగును.

ఆ పల్లెకు నేను మరల వెళ్లవలసియున్నది. కుర్చీ వేసినచో ఆ అవ్వను అందులో కూర్చుండబెట్టను. అందరియెదుట ఆమె సిగ్గుపడును. నేనే గడపయొద్దకు పోయి ఆమె ప్రక్కను కూర్చుందును. మీ సంఘములో మీ గడప యెక్కడనున్నదో శనివారము రాత్రి ప్రార్థనలో మీరును తలంచుకొనుడి.

ప్రభువా, నీ సన్నిధిలో మాకు చోటిచ్చితివి. ప్రక్కకు జరుగు మనస్సును కూడ మాకిమ్ము. ఆమెన్.