పొరుగువాని రజాయి

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:1–3, లూకా 19:1–10

న్యూఢిల్లీలో హుమాయూన్ రోడ్డు ప్రక్కన యూదా హయాము సమాజమందిరము కలదు. అది 1956లో నెలకొల్పబడినది. దానిని ఆనుకొనియున్న యూదుల స్మశానవాటికలో, 1971 యుద్ధమునందు పేరుపొందిన లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ 2016లో సమాధి చేయబడెను. రాజధానిలో యూదుల కుటుంబములు బహు కొద్ది. అయినను ఆ గుమ్మము ముందుగా పోవునప్పుడెల్ల, పండ్రెండేండ్ల ప్రాయమున మన ప్రభువు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలడిగిన సంగతి నాకు జ్ఞాపకము వచ్చును. అట్టి బోధకుల ప్రశ్నలును ప్రత్యుత్తరములును తరతరములుగా కూర్చబడి తల్మూదు అను మహాగ్రంథమైనవి.

ఆ గ్రంథములో 2,711 పత్రములున్నవి. దినమునకొక పత్రము చొప్పున లోకమందలి యూదులందరు ఒకే దినమున ఒకే భాగము చదువవలెనని 1923లో వియన్నా నగరమున జరిగిన మహాసభలో మేయిర్ షపీరో అను బోధకుడు ప్రతిపాదించెను. ఒక ఆవృత్తి ముగియుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును. పదునాలుగవ ఆవృత్తి 2020 జనవరి 5న ఆరంభమైనది. న్యూయార్కు ప్రాంతమున ఉద్యోగులు కొందరు ఉదయపు రైలుపెట్టెలోనే గుమిగూడి ఆనాటి పత్రమును చదువుకొందురట. నోయిడానుండియు ఫరీదాబాదునుండియు మెట్రోలో గంటసేపు ప్రయాణముచేయు మన విశ్వాసులు ఆ గంటను దేనికి వెచ్చించుచున్నారో నేనడుగను; నా సంగతియు అంత చెప్పుకొనదగినది కాదు.

మనము తల్మూదును దేవుని వాక్యముగా ఎంచము. అయితే వారి పద్ధతిలో ఒక సంగతి నన్ను పట్టుకొనినది. చదువువాడు తనకు ఇష్టమైన పుటను ఏరుకొనుటకు వీలులేదు. మనమో, ఇరువదిమూడవ కీర్తనను, యోహాను పదునాలుగవ అధ్యాయమును అరిగిపోవునట్లు చదివి, ఎద్దులు, గాడిదలు, గోడలు, తూనికరాళ్లు అను మాటలు వచ్చుచోట పుటలు త్రిప్పివేయుదుము. వరుసతప్పక చదువువానికి ఏదో ఒకనాడు తాను కోరని పుట ఎదురుపడక తప్పదు.

నాకు ఎదురుపడిన పుటను గూర్చి చెప్పెదను. 2024 మార్చి చివర, ఢిల్లీలో రజాయిలను ఎండబెట్టి పెట్టెలలో దాచుకొను దినములలో, ఆ దినపు భాగమును ఆంగ్లానువాదములో చూచితిని. అది దొరికిన వస్తువులను గూర్చిన అధ్యాయము. పరులది దొరికినప్పుడు ఆ సొంతదారుడు వెదకుచు వచ్చువరకు ఇంటనుంచుకొనవలెనని మోషే ఆజ్ఞాపించెను గదా. మరి ఉంచుకొనుట ఎట్లు? గ్రంథపు చుట్ట దొరికినయెడల ముప్పది దినములకొకసారి విప్పి చదువవలెను. చదువనేరనివాడు ఊరక విప్పి చుట్టవలెను. వెండి పాత్రలను వాటి మేలుకొరకు వాడవచ్చును గాని అరుగదీయరాదు. బంగారు పాత్రలను, గాజు పాత్రలను ఏలీయా వచ్చువరకు ముట్టనేకూడదు! వస్త్రము దొరికినయెడల ముప్పది దినములకొకసారి దులుపవలెను. దాని మేలుకొరకు పరచవచ్చును గాని తన గౌరవముకొరకు పరచరాదు. అతిథులు వచ్చినప్పుడు మంచముమీద వేయరాదని ప్రత్యేకముగా చెప్పబడియున్నది.

ఇది చదివి నేను పుస్తకము మూసివేసితిని.

అనేక సంవత్సరముల క్రిందట మేము ప్రభుత్వ వసతిగృహములలో కాపురమున్నప్పుడు, పై అంతస్తులోని తెలుగు కుటుంబమువారు బదిలీయై హఠాత్తుగా వెళ్లవలసివచ్చి, ఒక ట్రంకుపెట్టెను మావద్ద ఉంచిపోయిరి. ఆ చలికాలమున గుంటూరునుండి మా బంధువులు వచ్చిరి. ఇంట కప్పుకొనుటకు చాలినన్ని లేవు. "పెట్టెలో రజాయి ముక్కిపోవునేమో, గాలి తగిలిన మంచిదే గదా" అని నా భార్యతో అంటిని. ఆమె సందేహించుచు నిలిచియుండగా నేనే పెట్టె తెరచితిని. బంధువులు వెళ్లిరి గాని రజాయి పెట్టెలోనికి తిరిగి వెళ్లలేదు. రెండేండ్ల తరువాత ఆ ఇంటి కుమారుడు వచ్చి, "బాబాయిగారూ, నాన్నగారు నమస్కారములు చెప్పమన్నారు" అని పలికి, మేమిచ్చిన టీ త్రాగి పెట్టెను తీసికొనిపోయెను. అతడు కూర్చున్నది రజాయి పరచియున్న మంచముమీదనే. నేను నోరు తెరువలేదు. అప్పగింపబడిన వస్తువును, దొరికిన వస్తువును తల్మూదు వేరువేరుగా విచారించును. కాని అతడు ఎరుగక వెళ్లిన ఆ క్షణమున వారికది పోగొట్టుకొనిన వస్తువే అయినది, మోషే చెప్పినట్లు నేను చూచియు చూడనివాడనైతిని.

సంఘములో ప్రసంగించితిని, బల్లవద్ద పాలుపుచ్చుకొంటిని. ఆ రజాయి కప్పుకొనియే ప్రార్థన చేసిన రాత్రులున్నవి.

జక్కయ్య ఏదియు తిరిగి ఇవ్వకముందే ప్రభువు అతని పేరు పెట్టి పిలిచెను, అతని ఇంటికి వచ్చెను. ఇచ్చినందున రక్షణ కలుగలేదు. కాని ప్రభువు లోపలికి వచ్చిన పిమ్మట ఆ ఇంట దాచియుంచినది దాగలేకపోయెను. నేను చేతులు కడుగుకొని, కృపచేత రక్షింపబడితినని చెప్పుకొనుచు, కృప తెరువగోరిన పెట్టెమీదనే కూర్చుండియుంటిని. ప్రభువు పరిసయ్యులను గద్దించినప్పుడు పుదీనా, జీలకఱ్ఱల దశమభాగమును మానుమని చెప్పలేదు. న్యాయమును, కనికరమును, విశ్వాసమును విడిచినందుకే గద్దించెను. నేనైతే చిన్నదానిని గూడ విడిచితిని.

ఆ సాయంకాలమే భార్యాభర్తలము రజాయిని మడిచి గుడ్డలో చుట్టితిమి. వారి స్వగ్రామమునకు ఉత్తరము వ్రాసితిని. అది తిరిగి వచ్చినది. తెలిసినవారివలన మరియొక చిరునామా సంపాదించి ఉన్నదున్నట్లు వ్రాసితిని. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. నెలకొకసారి నా భార్య దానిని మేడమీదికి తీసికొనిపోయి, దులిపి, కొంచెము ఎండ తగిలించి, మరల మడిచి పెట్టుచున్నది. పోయిన జనవరిలో బంధువులు వచ్చినప్పుడు ప్రక్కింటివారి నడిగి రెండు కంబళ్లు తెచ్చుకొంటిమి.