వస్తువులు వరుసగా చెడిపోతే తప్పు ఎవరిది?



హుకమ్ గురించి రాయమని సేవాదారులు అడిగారు. పెద్ద మాటలతో కాకుండా మా ఇంటి మిక్సీతో మొదలుపెడతాను, మన్నించాలి.

పోయిన వేసవిలో పదకొండు రోజుల్లో మా ఇంట్లో అయిదు వస్తువులు చెడిపోయాయి. మొదట మిక్సీ. అమ్మ పచ్చడి వేస్తుంటే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. రెండు రోజులకు ఫ్యాను. ఆ తర్వాత ఒకే సాయంత్రం ఫ్రిజ్జూ టీవీ పోయాయి. చివరికి నా పాత కంప్యూటర్. మన పిల్లలు చదువుకోవడానికి నితనేమ్ బాణీలను గుర్ముఖి నుంచి తెలుగు లిపిలోకి ఎక్కిస్తున్నాను, అదంతా అందులోనే ఉంది. నాలుగు నెలల పని. నా డిగ్రీ చదువు కాగితాలు కూడా అందులోనే. ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు.

"ఇంటికి దిష్టి తాకింది బిడ్డా, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కడదాం" అంది అమ్మ.

నేను గురుద్వారాలో కథ చెప్పేవాణ్ణి. ఊరుకుంటానా? 1945లో ఖాయమైన రహిత్ మర్యాదలో శకునాలు, ముహూర్తాలు, మంత్రతంత్రాలు సిక్కులకు కూడవని ఉందని, దిష్టి కూడా అలాంటిదేనని నిలబెట్టి ప్రసంగం చేశాను. అమ్మ ఏమీ అనలేదు. పది నిమిషాలు కాలేదు, మా అన్న కొడుకు మీద విరుచుకుపడ్డాను. వాడికి పన్నెండేళ్లు. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "నువ్వే ఏదో నొక్కి పాడుచేశావు. నీకు బాణీ విలువ తెలుసా?" అని వదిన ముందే అరిచాను. బాణీ పేరు చెప్పి పిల్లవాణ్ణి తిట్టాను. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

రెండో రోజు మా బంధువు ఒకాయన వచ్చాడు. కరెంటు పని తెలిసినవాడు. మీటరు చూశాడు, స్తంభం దాకా తీగ చూశాడు. న్యూట్రల్ తీగ జాయింటు వదులై ఉందన్నాడు. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. మూడు ఫేజుల మీద ఇళ్లు ఉన్న వీధిలో ఆ ఒక్క తీగ వదులైతే ఒక ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది, పక్క ఇంట్లో 300 దాటిపోతుంది. కొంతసేపటికి అటుదిటు అవుతుంది కూడా. ఎక్కువైనప్పుడు ఫ్రిజ్జు, టీవీ, కంప్యూటర్ కాలిపోతాయి. తక్కువైనప్పుడు నిండుగా పప్పు వేసిన మిక్సీ తిరగలేక, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. అసలు మిక్సీ, ఫ్యాను రెండూ మా అన్న పెళ్లినాటివే. ఒకే ఏడు కొన్న వస్తువులు ఒకే ఏడు ముసలివవడంలో వింతేముంది?

లైన్‌మన్ వచ్చి తీగ బిగించాడు. పని అరగంట కూడా పట్టలేదు.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. అమ్మ కనిపించని కన్నుమీద తప్పు వేసింది. నేను కనిపించే పిల్లాడి మీద వేశాను. ఇద్దరిలో మూఢనమ్మకం ఎవరిది పెద్దది? అమ్మ నిమ్మకాయ వల్ల ఎవరి కడుపూ మాడలేదు. దోషి దొరికితే తప్ప నష్టాన్ని భరించలేకపోవడం, ఇద్దరి జబ్బూ అదే. నాది మాత్రం ధర్మం వేషం వేసుకుని వచ్చింది.

ఒకవేళ నిజంగా పిల్లాడే పాడుచేసి ఉంటే? తీగ దొరికింది కాబట్టి వాడు నిర్దోషి అయ్యాడు, నేను తప్పు చేసినవాణ్ణయ్యాను అనుకోవడం సులభం. కానీ తీగ దొరకకపోయినా ఆ అరుపు తప్పే. నేను అరిచింది కారణం తెలుసుకోవడానికి కాదు, నా బరువు ఇంకొకరి మీద దించడానికి. ఇంట్లో ఆ బరువు ఎప్పుడూ తిరిగి మాట అనలేనివారి మీదే పడుతుంది, పిల్లల మీదో ఆడవాళ్ల మీదో.

మా అన్న దారి వేరు. "అంతా హుకమ్ తమ్ముడూ, వదిలెయ్" అన్నాడు. మన బస్తీల్లో ఈ మాట ఎక్కువే వింటాం. చేతులు ముడుచుకోవడానికి హుకమ్‌ను అడ్డం పెట్టుకోవడం నాకు సరిగ్గా తోచదు. వదులైన తీగ కాలుస్తుందన్నదీ హుకమే, బిగిస్తే కాల్చదన్నదీ హుకమే. సృష్టి నడిచే ఆజ్ఞనే గురు నానక్ దేవ్ జీ హుకమ్ అన్నారు. మా అన్న మాట విని ఊరుకుని ఉంటే కొత్త ఫ్రిజ్జు కూడా కాలేది, దాని కంతులు మాత్రం కట్టాల్సి వచ్చేది.

ఇది మనకు కొత్తగా నేర్పాలా? సిక్లీగర్ అన్న మాటకే ఆయుధాలకు మెరుగు పెట్టేవాడని అర్థం. కొలిమి దగ్గర కత్తి పగిలితే మా తాత ఎన్నడూ దిష్టి అనలేదు, కొడుకుని తిట్టలేదు. విరిగిన ముక్కను వెలుతురుకి పెట్టి పగులు లోపలి రంగు చూసేవాడు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన కత్తి గట్టిగానే ఉంటుంది, కానీ పెళుసు. రాయి మీద పడితే రెండు ముక్కలవుతుంది. దాన్ని మళ్లీ సన్నని సెగ మీద పెట్టి, పసుపు రంగు తిరిగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడే అది కొడితే తట్టుకుంటుంది. జపుజీ సాహిబ్ చివరి పౌడీలో గురువు మనిషి తయారయ్యే తీరును కంసాలి కొలిమితో పోల్చి, ఓర్పునే కంసాలిగా నిలిపారు. నేను ఆ పౌడీని రోజూ చదువుతాను. ఆ సాయంత్రం మాత్రం నేను నీళ్లలోంచి అప్పుడే తీసిన కత్తిని.

ఒకరు నన్ను ఓదారుస్తూ, "దశమ పిత నలుగురు కొడుకులను పోగొట్టుకున్నారు, నువ్వు కంప్యూటర్‌కు ఏడుస్తున్నావు" అన్నారు. నిజమే. కానీ ఆ మాట ఎవరికి వారు చెప్పుకోవాలి, ఎదుటివారిని నోరు మూయించడానికి వాడకూడదు. ఎండలో ఊరూరా తిరిగి కత్తులు అమ్మి ఇల్లు నడిపే కుటుంబంలో ఫ్రిజ్జు పోయి పాలు విరిగితే అదీ నష్టమే.

తీగ బిగింది. మిక్సీకి వైండింగ్ చేయించాం. ఫ్యానుకు కెపాసిటర్ మార్చితే సరిపోయింది. ఫ్రిజ్జు బాగైంది, టీవీ సంగతి తర్వాత చూద్దామన్నాం. నా నాలుగు నెలలు మాత్రం తిరిగి రాలేదు. డిస్కులోది బయటికి తీయడానికి దుకాణంలో చెప్పిన ఖర్చు మా స్థోమతకు మించింది. దీనికి బిగించాల్సిన తీగ లేదు. భాణా మానడం అంటే ఏమిటో నాకు ఇక్కడే కొంచెం అర్థమైంది. అది ఒక్కసారిగా రాలేదు. రెండు వారాలు ఏ పాఠ్ చేసినా పోయిన పేజీలే కళ్లముందు కదిలాయి. తర్వాత ఒక తెల్లవారుజామున మొదటి పేజీ మళ్లీ మొదలుపెట్టాను.

పిల్లవాణ్ణి పిలిచి, వదిన ముందే, చేతులు జోడించి తప్పు నాదన్నాను. వాడు సిగ్గుపడి లోపలికి పరుగెత్తాడు. మూడు రోజులు నా దగ్గరికి రాలేదు. నాలుగో రోజు వచ్చి పక్కన కూర్చుని, "చాచా, నేను చదువుతా, నువ్వు టైపు చెయ్యి" అన్నాడు. గుర్ముఖి వాడికి ఇంకా తడబాటే, కాబట్టి పని నెమ్మదిగా సాగుతోంది. జపుజీ పూర్తయింది, రహిరాస్ సగంలో ఉంది. రోజూ లేవబోయే ముందు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, వాళ్లమ్మ ఫోన్‌లో ఒక కాపీ వాడే వేస్తాడు.

అమ్మ కట్టిన నిమ్మకాయ గుమ్మానికి ఎండిపోయి ఉంది. తీయమని నేనింకా అనలేదు. ఆ మాట అమ్మతో మళ్లీ మాట్లాడాలి, ఈసారి కూర్చుని.