పన్నెండణాల నొప్పి

"నువ్వడిగిన రోగాలేవీ నాకు లేవప్పా. తిన్నది గొంతుకొస్తుంది, రాత్రంతా కూచొనే ఉంటాను, అంతే."

మారికుప్పంలో మా వీధి పెద్దాయన ఒకరు నాతో అన్న మాట ఇది. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసిన మనిషి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కూడా ఊరు వదలలేదు. నేను చదివిన పదిహేను ప్రశ్నలకూ ఆయన 'లేదు' అనే చెప్పారు. కాగితం ప్రకారం ఆయనకు ఏ బాధా లేదు.

తప్పు ఆయనది కాదు, నాది. ఎలాగో చెబుతాను.

జీర్ణకోశ బాధల తీవ్రతను కొలవడానికి 1988లో స్వీడన్ వైద్యులు ఒక ప్రశ్నావళి ప్రకటించారు. పదిహేను ప్రశ్నలు. తర్వాత వాడుకలోకి వచ్చిన రూపంలో ఒక్కో బాధకూ 'అసలు లేదు' మొదలు 'చాలా తీవ్రం' వరకు ఏడు మెట్లు. అది తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తెలిసిన డాక్టరొకరు అలాంటి ప్రశ్నావళిని మన వైపు తెలుగువాళ్ల కోసం తెలుగు చేసిపెట్టమని నన్నడిగారు. పొంగిపోయాను. ఇక్కడ మనకు బడిలో కన్నడం, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు చాలామటుకు ఇంట్లోనే. ఆసుపత్రి కాగితం మీద మన అక్షరాలు కనబడతాయంటే ఎవరికి సంతోషం కాదు? ఆ ఉత్సాహంలో 'ఆమ్లోద్గారం', 'ఉదరాధ్మానం', 'మధ్యస్థ తీవ్రత' అని రాసేశాను. పెద్దాయన 'లేదు' అన్నది ఆ మాటలకే.

సరే, వాడుక మాట వేద్దామని 'కడుపుమంట ఉందా?' అని మార్చాను. పక్కింటి అక్క ముఖం మాడ్చుకుంది. "నాకెవరి మీద కడుపుమంట? ఎవరు చెప్పారు నీకు?" అంది. నిజమే. మన భాషలో కడుపు ఒక అవయవం మాత్రమే కాదు. బిడ్డ పోతే కడుపుకోత. ఒకరి బాగు ఓర్వలేకపోతే కడుపుమంట. ఈ గనులకు మన పెద్దలు వచ్చింది కడుపు చేతబట్టుకొనే. పుస్తకం మాట రోగిని చేరలేదు. వీధి మాట చేరి, మరోచోట తగిలింది.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. డిస్పెప్సియా, డయేరియా అనే పేర్లు గ్రీకు నుంచి వచ్చినవే. వైద్యానికి అన్ని మాటలు అరువిచ్చిన భాషలోకైనా సరే, ఇలాంటి ప్రశ్నావళి వెళ్లాలంటే పద్ధతి ఇదే: ఇద్దరు విడివిడిగా అనువదించాలి. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి మూలభాషలో రాయాలి. రెండూ పోల్చాలి. చివరికి రోగుల దగ్గర కూచొని, 'మీకేమర్థమైంది?' అని అడగాలి. నేను వదిలేసింది ఆ చివరి పనే.

మనిషి బాధను అంకెల్లో పెట్టడమేమిటని మీరు అడగవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని అంకె లేకపోతే ఎవరికి లాభమో ఆలోచించండి. డాక్టరు భాషలో చక్కగా చెప్పుకోగలవాడి నొప్పే పెద్దదవుతుంది. 'మామూలే' అని ఊరుకునేవాడి నొప్పి లెక్కకు రాదు. మాటకారికీ మౌనికీ ఒకే తూకం ఉండటం న్యాయమే. అయితే తూకపు రాయి మనిషిని బట్టి మారకూడదు; ఆ రాయి మీది గుర్తు తూయించుకునేవాడికీ తెలియాలి.

ఇక్కడే డాక్టరుకూ నాకూ వాదం వచ్చింది. 'కొంచెం'కూ 'ఓ మాదిరి'కీ తేడా పెద్దాయనకు అందలేదు. "రూపాయిలో ఎన్నణాల నొప్పి మామా?" అన్నాను. తడుముకోకుండా "పన్నెండణాలు" అన్నారు. అణాలే రాద్దామన్నాను నేను. ఏడు మెట్లను పదహారు చేస్తే మరో ఊరి రోగులతో పోల్చడమెలా, అప్పుడది కొలతే కాదు కదా, అన్నారు డాక్టరు. ఆయన మాటలో న్యాయం ఉంది. మెట్లు ఏడే ఉంచాం. మెట్ల పేర్లు, బాధల పేర్లు మాత్రం ఇక్కడివాళ్లను అడిగి, వాళ్ల నోటి నుంచే తీసుకున్నాం. 'ఆమ్లోద్గారం' పోయి, 'తిన్నది గొంతుకొస్తుందా?' అని వచ్చింది. 'కడుపుమంట' స్థానంలో, చెయ్యి ఎక్కడ పెట్టి చూపించాలో కూడా రాశాం.

ఈసారి పెద్దాయన ఆరో మెట్టు చూపించారు.

మన భాషలో కాగితం కావాలని అడిగే హక్కు మనకుంది; దానికోసం పోరాడుతూనే ఉండాలి. కాని ఆ కాగితం వచ్చిన రోజున, అందులోది ఎవరి తెలుగు అని మనల్ని మనమే అడుక్కోవాలి. నేను తెలుగు మీది ప్రేమతోనే రాశాను. ఆ ప్రేమ వల్లే ఒక మనిషి నొప్పి కొంతకాలం సున్నా అయింది.

ఆ మొదటి కాగితం పారేయలేదు. పదిహేను 'లేదు'లతో నా మేజా సొరుగులోనే ఉంది.