బడిని దేనితో భాగించాలి?

కెనడా ఉత్తరాన నునావుత్ ఉంది. 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు, కరెంటు తీగ లేదు. ఏ ఊరి డీజిల్ జెనరేటర్లు ఆ ఊరివే. ఆ డీజిల్ వేసవిలో, సముద్రం మీద మంచు విడిచిన కొద్దికాలంలోనే ఓడలో రావాలి. మళ్లీ ఓడ వచ్చేదాకా దాంతోనే గడుపుకోవాలి. అలాంటిచోట బడి కడితే ఇంధనం పొదుపు చేయాలని ఎవరైనా అంటారు. నేనూ అంటాను. భవనాల్లో వేడి, గాలి లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. పేచీ అంతా పొదుపును దేంతో కొలవాలన్న దగ్గరే.

మా వృత్తిలో కొలత ఏడాదికి చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లు అని. ఆ పరీక్షలో నెగ్గడం తేలికే. గోడలు మందంగా కట్టి, కిటికీలు కుదించి, గాలి చొరకుండా బిగించి, సాయంత్రం పిల్లలు వెళ్లగానే తాళం వేస్తే చాలు. అంకె బ్రహ్మాండంగా వస్తుంది.

అక్కడ బడి ఒట్టి బడి కాదు మరి. ఇళ్లు ఇరుకు. ఊరంతా కూర్చోగల గది చాలాచోట్ల బడి వ్యాయామశాలే. ఆటలూ విందులూ అక్కడే, మంచు తుఫానులో కరెంటు పోతే తలదాచుకునేదీ అక్కడే. రాత్రి పదింటిదాకా దీపాలు వెలిగే బడి నా పట్టికలో దుబారా. కానీ మైనస్ 30లో ఏ భవనాన్నీ చల్లారనివ్వలేం, నీళ్ల గొట్టాలు పగిలిపోతాయి. తాళం వేసిన బడి కూడా డీజిల్ తాగుతూనే ఉంటుంది, ఎవరికీ పనికిరాకుండా. చదరపు మీటర్లతో కాక, లోపల మనుషులు గడిపిన గంటలతో భాగించి చూడండి. ఆ దుబారా బడే పొదుపైనది.

ఇంకో చిక్కు గాలిది. బిగించిన గదిలో ముప్ఫైమంది పిల్లలుంటే బయటిగాలి రావాల్సిందే. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే యంత్రాలున్నాయి, మంచివే. అంత చలిలో వాటి లోపల మంచు పేరుకుంటుంది. అది కరిగే ఏర్పాటు చెడితే బాగుచేసేవాడు విమానంలో రావాలి. ఈలోగా ఎవరో యంత్రం ఆపేస్తారు. చిత్రమేమిటంటే, ఆపేసిన నెలలో ఖర్చు ఇంకా తగ్గుతుంది! పిల్లల ఊపిరితో చేసిన పొదుపును మీటరు పట్టుకోలేదు. అందుకని వాళ్లకి పాతకాలపు హీటరు చాల్లే అనడమూ తప్పే, అందులో ఉన్నది చులకన. ఊళ్లో ఒకరికి ఆ పని నేర్పడం, విడిభాగాలు ముందే ఓడెక్కించడం కూడా డిజైన్‌లో భాగమే. టెండరు కాగితాల్లో ఆ గీత మొదట కొట్టేస్తారు, అది వేరే సంగతి.

అసలు చలి సంగతి ఆ మనుషులకి మనం చెప్పాలా? ఇగ్లూలో పడుకునే అరుగు ఎత్తున, ద్వారం పల్లాన. చల్లగాలి బరువు కనక కిందే ఉండిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా తెలుసుకున్న సంగతి. అయినా బడి విషయంలో వాళ్లని అడిగిన అలవాటు ప్రభుత్వానికి లేదు. 1950లలో, 60లలో ఇనుయిట్ పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకెళ్లి చెస్టర్‌ఫీల్డ్ ఇన్‌లెట్ లాంటి చోట్ల హాస్టళ్లలో పెట్టారు. వెచ్చటి భవనాలే అవి. ఆ పిల్లల మనవలకి కట్టే బడిలో గుమ్మం ఎటుండాలి, పెద్దవాళ్లు కూర్చునే చోటు ఎక్కడ, తాళంచెవి ఎవరి దగ్గర అన్నవి అలంకారాలని నేననుకోను.

ఈమధ్య నా పట్టికలో మనుషుల గంటల వరస ఒకటి చేర్చి పంపుతున్నాను. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. నివేదిక సారాంశంలోకి మాత్రం పాత అంకె ఒక్కటే వెళుతోంది.