అంగట్లో కొసరు



మత్తయి సువిశేషం 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కూలీలను వెదకుతూ ఎక్కడికి పోయాడు? అంగడికి. ఎవరికి పని దొరకలేదో, ఎవరి పొయ్యి వెలగలేదో తెలిసేది అక్కడే అని మన పల్లెలవారికి వేరే చెప్పనవసరం లేదు.

చేవెళ్ళ, మొయినాబాదు రైతులు టమాట, ఆకుకూరలు, పూలు పండించి, తెల్లవారకముందే గుడిమల్కాపూరు మార్కెట్టుకో, మెహిదీపట్నం రైతుబజారుకో చేరుస్తారు. దళారి లేకుండా రైతే తూచి అమ్ముకోవాలని 1999లో రైతుబజార్లు మొదలుపెట్టారు. మంచిదే. అయినా పల్లె అంగడి చేసే పని అవి చేయలేవు. అంగట్లో వియ్యపురాలు ఎదురవుతుంది, విత్తనాల సంగతి తెలుస్తుంది. పశువుల అంగట్లోనైతే దళారులు తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టుకొని బేరమాడతారు. చూడ ముచ్చటే! కాని ఆ తువ్వాలు కింద ఎన్ని వందలు జారిపోయాయో ఎద్దును అమ్ముకొన్నవానికే తెలియాలి.

విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, దొంగ త్రాసుతో ఎప్పుడు అమ్ముదామా అని కాచుకొన్న వర్తకులను ఆమోసు ప్రవక్త గట్టిగా మందలించాడు. ఆయన పశువుల కాపరి. తూకంలోని మోసం పేదవానిని ఎక్కడ కోస్తుందో ఎరిగినవాడు.

మనలో త్రాసు పట్టేవారు కొద్దిమందే, కొనేవారం అందరమూ. ఆదివారం పూజనుండి వస్తూ, కొత్తిమీర అమ్మే అవ్వతో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడతాం. కానుకపెట్టెలో వేసిన నోటు గుర్తుంటుంది. అవ్వ దగ్గర తగ్గించుకొన్న రెండు రూపాయలు ఏ పాపసంకీర్తనంలోనూ గుర్తురావు. అవ్వ మాత్రం, అడగకపోయినా, పిడికెడు కరివేపాకు కొసరు వేస్తుంది. నిండు కొలతను గూర్చి ప్రభువు చెప్పిన మాట ఆమె విన్నదో లేదో!

ఇప్పుడు భూమే అంగట్లోకి వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో వచ్చిన 111వ నంబరు జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో మరో జీవో వచ్చింది. అంతకుముందే మొదలైన ప్లాట్ల బేరాలకు ఊపు వచ్చింది. అమ్మిన తండ్రిని తప్పుపట్టలేము. బిడ్డ పెండ్లి, ఆసుపత్రి అప్పు ఉన్నవాడు ఏం చేస్తాడు? కాని డబ్బు కరిగిపోయాక అతడు మళ్ళీ అంగడికే వస్తాడు. ఈసారి నెత్తిన గంప ఉండదు. కూలి కోసం నిలబడతాడు.

వచ్చే అంగడినాడు పొద్దుగూకేవేళ ఒకసారి అటు వెళ్ళండి. ఇంకా నిలబడి ఉన్నవారిలో మన విచారణవారు ఎవరైనా ఉన్నారేమో చూచి, విచారణ గురువులకు చెప్పండి.